పైరు వీడియో తీసేటప్పుడు హిస్టోగ్రామ్ చూస్తున్నారా?

ఎండలో కెమెరా స్క్రీన్ మసకగా కనిపిస్తుంది. దాన్ని నమ్మి వెలుగు పెంచితే, ఇంటికొచ్చి చూశాక వరి ఆకు పాలిపోయి ఉంటుంది. ఆ ఫొటో చూసినవాళ్లు నత్రజని లోపమంటారు, జీవామృతం పిచికారీ చేయమంటారు. పైరుకేమో ఏ రోగమూ లేదు!

మిర్రర్‌లెస్ కెమెరాలో ఓ సుఖం ఉంది. షూట్ చేయకముందే హిస్టోగ్రామ్ కనిపిస్తుంది. సోనీలో డిస్ప్ బటన్ నొక్కుతూ పోతే వస్తుంది. ఫొటోలకైతే మెనూలో సెట్టింగ్ ఎఫెక్ట్ ఆన్‌లో ఉండాలి, లేదంటే గ్రాఫ్‌ని నమ్మలేం. ఎడమ చివర నలుపు, కుడి చివర తెలుపు. గుట్టలాంటి గ్రాఫ్ కుడి గోడకు గుద్దుకుంటే వీడియోలో అక్కడి వివరం పోయినట్టే, ఎడిటింగ్‌లోనూ తిరిగి రాదు.

గుట్ట మధ్యలోనే ఉండాలంటారు చాలామంది. నేను ఒప్పుకోను. కెమెరా మీటరు దేన్ని చూసినా మధ్యస్థంగా, బూడిద రంగులాగా చేయాలని చూస్తుంది. కాలాబట్టి బియ్యం రాశి తీస్తే నల్లగింజ వెలిసిపోయినట్టు వస్తుంది, కొనేవాళ్లు పాత సరుకు అనుకుంటారు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 1 దగ్గర పెట్టి చూడండి, గుట్ట ఎడమకు జరిగి నలుపు నలుపుగా వస్తుంది. విచ్చిన పత్తికి, తెల్ల బియ్యానికి రివర్స్: ప్లస్ 1 వైపు మెల్లగా పెంచుతూ, గోడ తగలకముందే ఆపాలి. మాన్యువల్ మోడ్‌లో ఇదే పని షటర్, ఐఎస్‌ఓలతో చేయాలి.

ఫ్రేములో మబ్బు ఆకాశం ఉంటే కుడి గోడ ఎలాగూ తగులుతుంది. ఆకాశం పోతే పోనివ్వండి, మనకు కావలసింది ఆకు. పై వీడియోలో రెండు రకాలూ పక్కపక్కనే చూపించాం.