వేపపుల్ల చేయు మేలు, చేయలేని పని

పొలము గట్టున వేపచెట్టు గల రైతుకు పందుంపుల్ల కొనుక్కొనవలసిన పని లేదు. వేప దొరకనిచోట కానుగ, ఉత్తరేణి వాడుచున్నారు. ఈ వాడుకలో నిజమెంత?

పన్ను పుచ్చినపుడు పురుగు పట్టినదని పెద్దలందురు. అది పురుగు గాదు. స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అను సూక్ష్మజీవిని క్లార్క్ అను శాస్త్రజ్ఞుడు 1924లో పుచ్చుపండ్లనుండి వేరుచేసెను. ఇది మనము తిన్న బెల్లము, చక్కెరలను పులియబెట్టి ఆమ్లము చేయును. ఆ ఆమ్లము పంటిపై పింగాణిని కరగించును. పండ్లపై జిగురుగా నుండు పాచియే దీని నివాసము.

1996లో ప్రచురితమైన ఒక ప్రయోగమున వేపపుల్లల రసము ఈ జాతి సూక్ష్మజీవులను చంపలేదు. కాని అవి పంటి పదార్థమునకు అంటుకొనుటను తగ్గించెను. నా దృష్టిలో అసలు కీలకమిదే. వేప పాచి పట్టకుండ తోడ్పడునుగాని, పడిన గుంటను పూడ్చజాలదు. 

పుల్ల చిటికెనవ్రేలి లావున, పచ్చిగా నుండవలెను. కొనను కుంచె అగువరకు నమిలి, చిగురునుండి పంటి కొనవైపు మెల్లగా తోమవలెను. అడ్డముగా గట్టిగా రుద్దినచో చిగుళ్ళు జారిపోవును. పిదప పుల్లను చీల్చి నాలుక గీచుకొనుట మన పాత అలవాటే, మంచిది. ఇంకొక మాట, ఇది దంతవైద్యులకు తట్టకపోవచ్చును: ప్రత్తి, మిరప చేలపై కొట్టిన మందు తుంపరలు పడిన చెట్టు పుల్ల నోట పెట్టరాదు. ఇంటి పెరటి చెట్టు మేలు.

లవంగనూనెలోని యూజెనాల్ నరమును మొద్దుబరచి నొప్పిని తగ్గించును. నొప్పి పోయినను పుచ్చు ఆగదు. చిక్కని నూనె చిగుళ్ళను కాల్చును. పిప్పిపంటిలో జిల్లేడుపాలు పోయుట మరింత చెడ్డపని. అవి నోటిని పొక్కించును. చేతికంటి కంట బడినచో చూపునకే ముప్పు. వేపనూనెను పసిపిల్లల నోట వేయరాదు. అది వారికి విషమగును.

బుగ్గ వాచి, జ్వరము వచ్చి, నోరు తెరచుట గాని మ్రింగుట గాని కష్టమైనచో నాట్లు ముగిసిన పిదప చూతమని ఆగక, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. ఆ వాపు మెడలోనికి దిగినచో ఊపిరికి అడ్డుపడును.