పండు ఈగలు - తోటల ఎత్తు

వేసవిలో కాటారం ప్రాంతమున బాగుగా పండిన మామిడిని కోయగా లోపల తెల్లని పురుగులు కనిపించుట కలదు. తొక్కపై సూదిమొన గ్రుచ్చినంత మచ్చ తప్ప వేరు గుర్తుండదు. ఇది పండు ఈగ చేసిన పని. ఆడ ఈగ తొక్క క్రింద గ్రుడ్లు పెట్టును. ఒకటి రెండు రోజులలో వెలువడు డింభకములు గుజ్జును తిని పెరిగి, మట్టిలో దూరి కోశస్థ దశను పొందును. వేడి దినములలో సుమారు మూడు వారములకే క్రొత్త ఈగలు బయలుదేరును.

మన మామిడి, జామ తోటలలో ముఖ్యమైన జాతులు మూడు: బాక్ట్రోసెరా డోర్సాలిస్, బాక్ట్రోసెరా జొనేటా, బాక్ట్రోసెరా కరెక్టా. జొనేటా ఎఱ్ఱని గోధుమరంగుది. తక్కిన రెండింటి వీపు సాధారణముగా నల్లగా నుండును. డోర్సాలిస్ రెక్క అంచున నల్లని పట్టీ కొనవరకు సాగును. కరెక్టాలో అది మధ్యలో తెగి, కొనయందు ఒక మచ్చగా కనిపించును.

అన్ని ఎత్తులలోను ఈగలు ఒకే తీరున ఉండునా? ఉండవు. వేయి మీటర్లు పైకి పోయినచో గాలి ఉష్ణోగ్రత సగటున 6.5 సెంటీగ్రేడు డిగ్రీలు తగ్గును. పల్లపు నేలలోని కాటారంకన్న, సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న అరకులోయ అందుచేతనే చల్లన. ఈగకు సొంత వేడి లేదు. చలిలో దాని పెరుగుదల మందగించి, ఏటికి వచ్చు తరములు తగ్గును. ఎత్తు మారిన కొలది పండ్లచెట్లును మారును.

పోటీకూడ ఒక కారణమే. హవాయి దీవులలో 1910 ప్రాంతమున మధ్యధరా పండు ఈగ ప్రవేశించెను. 1945 ప్రాంతమున డోర్సాలిస్ వచ్చి, పల్లపు తోటలలో దానిని చాలవరకు తొలగించెను. పాత ఈగ చల్లని మెట్టలలోను, కాఫీ పండ్లలోను నిలిచినది.

జాతులను లెక్కించుటకు ఎరబుడ్లు వాడుదురు. మిథైల్ యూజినాల్ వాసనకు ఈ ఈగల మగవి వచ్చునని 1915లో హౌలెట్ అను శాస్త్రజ్ఞుడు భారతదేశముననే కనుగొనెను. తులసిలోను ఈ ద్రవ్యము కలదు. కాని మధ్యధరా ఈగ, దోసజాతి కాయల ఈగ దీనికి రావు. కావున ఎర ఒక్కటే చాలదు. రాలిన పండ్లను ఇసుక పోసిన పాత్రలోనుంచి, పలుచని బట్ట కట్టి మూడు నాలుగు వారములు చూచినచో ఏ పండునుండి ఏ ఈగ వచ్చినదో విద్యార్థులే తెలిసికొనగలరు.

ఈ ఈగ మూలముననే 2014 మే 1 నుండి ఐరోపా సమాఖ్య భారతదేశపు మామిడి దిగుమతిని నిలిపివేసెను. 2015లో ఆ నిషేధము తొలగెను. వేడి నేలలలో తరములు వెంటవెంటనే వచ్చును గనుక, కాటారంవంటి చోట్ల రాలిన పండ్లను తరచుగా ఏరి లోతుగా పూడ్చవలెను. అవి చెట్టుక్రింద పడియున్నచో రాబోవు పంటకు శత్రువులను పెంచినట్లే యగును.