మీకు తెలుసా? ఒంటికన్నుతో త్రీడీ సినిమా!

1953లో వచ్చిన త్రీడీ వెస్టర్న్ ‘గన్ ఫ్యూరీ’ తీసిన హాలీవుడ్ దర్శకుడు రౌల్ వాల్ష్‌కు ఉన్నది ఒక్క కన్నే. త్రీడీలో లోతు తెలియాలంటే రెండు కళ్లకూ కాస్త తేడాగా ఉన్న రెండు బొమ్మలు అందాలి. అంటే ప్రేక్షకుల మీదికి దూసుకొచ్చేలా తాను తీయించిన షాట్లు ఆయనకు మాత్రం మామూలు సినిమాలాగే కనిపించాయన్నమాట!

కుడికన్ను పోయింది ‘ఇన్ ఓల్డ్ అరిజోనా’ షూటింగ్ రోజుల్లో, 1928లో. కారుకు అడ్డంగా ఎగిరిన అడవి కుందేలు ముందద్దాన్ని బద్దలు కొట్టింది. గాజు పెంకులు కంట్లో దిగాయి. ఆ సినిమాకు దర్శకత్వంతో పాటు హీరో సిస్కో కిడ్ వేషం కూడా ఆయనే వేయాల్సింది. ఆ వేషం వార్నర్ బాక్‌స్టర్‌కు వెళ్లింది, దాంతో ఉత్తమ నటుడి ఆస్కారూ ఆయనకే దక్కింది. ఒక కుందేలు ఆస్కార్‌ను చేతులు మార్చడం ఇదొక్కసారేనేమో!

కంటికి నల్ల పట్టీ కట్టుకుని వాల్ష్ మళ్లీ సెట్ మీదికి వచ్చాడు. 1930లో ‘ద బిగ్ ట్రెయిల్’తో జాన్ వేన్‌ను తొలిసారి హీరోను చేశాడు. ఆ సినిమాను అప్పట్లోనే 70 ఎంఎంలోనూ తీశారు. ‘హై సియెర్రా’, ‘వైట్ హీట్’ లాంటి పేరున్న యాక్షన్ చిత్రాలన్నీ ఆ తర్వాతివే. 1964లో వచ్చిన చివరి సినిమా ‘ఎ డిస్టంట్ ట్రంపెట్’ కూడా వెస్టర్నే.

ఇంకో విచిత్రం: అదే 1953లో త్రీడీ హారర్ ‘హౌస్ ఆఫ్ వాక్స్’ తీసిన ఆంద్రే డి టాత్‌కూ ఒక కంట చూపు లేదు.