కరికాల చోళుడు మనకూ చుట్టమే!

(రియాద్ నుంచి)

పొట్ట చేతపట్టుకుని ఎడారికి వచ్చినా మాటల్లో మాత్రం మనం తగ్గం. మా క్యాంపులో తమిళ తంబీలు, మనవాళ్లు ఒకే మెస్‌లో తింటాం. శుక్రవారం వచ్చిందంటే చాయ్ దగ్గర 'మీ భాష పాతదా, మాది పాతదా' అని వాదన మొదలు. కిందటి వారం ఓ తంబీ కరికాల చోళుడి పేరెత్తాడు. కావేరిపై కల్లణై ఆనకట్ట కట్టించింది ఆయనేనని వాళ్ల గొప్ప. సైటు పని చేసే మనం దాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. ఇసుకలోకి పెద్ద రాళ్లు దించి, అవి దిగేకొద్దీ పైన మళ్లీ పేర్చుకుంటూ పోయారు. కాటన్ దొర ఆ కిటుకు అక్కడ చూసే మన ధవళేశ్వరం ఆనకట్ట (1847-52) కట్టాడు.

అయితే తంబీకి తెలియనిది ఒకటుంది. కరికాలుడి పేరు మా కడప జిల్లా రాజులూ చెప్పుకున్నారు!

రేనాడు ఏడువేలు

వాళ్లే రేనాటి చోళులు. కడప, దాని చుట్టుపక్కల సీమే రేనాడు. ఏడు వేల గ్రామాల నాడని పేరు. ఒకపక్క చాళుక్యులు, ఇంకోపక్క పల్లవులు. ఆ పెద్దవాళ్ల నడుమ నెగ్గుకొచ్చారు. పుణ్యకుమారుడి మాలేపాడు తామ్రశాసనంలో తమది కరికాలుడి వంశమని రాయించుకున్నారు. సంగం కాలపు రాజుకూ వీళ్లకూ నడుమ వందల ఏళ్ల ఎడం. ఆ చుట్టరికం ఇప్పుడెవరూ తేల్చలేరు.

తెలుగులో రాయించారు

వీళ్ల అసలు గొప్పదనం వంశంలో లేదు, రాతలో ఉంది. అంతకుముందు మన నేలపై శాసనాలు ప్రాకృతం, సంస్కృతాల్లోనే ఉండేవి. అక్కడక్కడా ఓ తెలుగు మాట దొర్లేదంతే. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్లలో ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతంలో వేయించిన శాసనం పూర్తిగా తెలుగు. ఇప్పటికి దొరికిన వాటిలో మొదటిది అదేనంటారు. కమలాపురం దగ్గరి ఎర్రగుడిపాడు శాసనమూ తెలుగే. అందులో దానం పుచ్చుకున్నది బ్రాహ్మణుడు. ఆయనకు సంస్కృతం రాకనా? నేల ఎవరిదో ఊరందరికీ తెలియాలనే ఊరి భాషలో చెక్కించారని మాకు తోచింది.

ఈ విషయం మనకు కాక ఇంకెవరికి అర్థమవుతుంది? సౌదీ చట్టం ప్రకారం ఉద్యోగ ఒప్పందంలో చెల్లేది అరబీ పాఠమే. జీతమెంతో, ఓవర్‌టైం ఎంతో చదవలేకుండానే సంతకం పెట్టి, తర్వాత లబోదిబోమన్న వాళ్లు మాలోనే ఉన్నారు. అందుకే కొత్తగా వచ్చే తమ్ముళ్లకు ఒకటే మాట. అరబీ చదవగలిగిన వాడితో తెలుగులో చెప్పించుకున్నాకే సంతకం పెట్టండి.

తమిళానికి 2004లో, తెలుగుకు 2008లో ప్రాచీన హోదా వచ్చింది. ఇక వాదన దేనికి? మొన్న శుక్రవారం తంబీకి ఈ కథంతా చెప్పాం. నవ్వి, 'అయితే మనం దాయాదులం' అన్నాడు. ఆ రోజు చాయ్ డబ్బులు వాడే ఇచ్చాడు.