స్త్రీ సంక్షేమం: వేదిక మీద, వాకిట్లో

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో బైతుల్‌మాల్ నుంచి పసిపిల్లలకు భృతి లభించేది. అయితే తల్లిపాలు మాన్పించిన బిడ్డలకే అది వర్తించేది. ఒక రాత్రి మదీనాలో విడిది చేసిన వర్తక బిడారుకు ఖలీఫా స్వయంగా కాపలా కాస్తుండగా ఒక పసివాడి ఏడుపు ఎడతెగకుండా వినవచ్చింది. తల్లిని విచారించగా, ఎదుట నిలిచినది ఖలీఫాయేనని ఎరుగని ఆమె, భృతి త్వరగా అందాలని బిడ్డకు గడువుకు ముందే పాలు మాన్పిస్తున్నానని చెప్పింది. ఆ తెల్లవారుజామున ఫజ్ర్ నమాజులో దుఃఖం వల్ల ఆయన పఠనం వెనుకనున్న వారికి స్పష్టంగా వినబడలేదని చరిత్రకారులు రాశారు. నమాజు ముగిసిన వెంటనే, ఇకపై పుట్టిన ప్రతి బిడ్డకూ భృతి లభిస్తుందని ఆయన ప్రకటించారు.

భృతి సదుద్దేశంతో ఏర్పడినదే. అయినా అది ఆ తల్లి ఒడిలో ఏ ఫలితాన్నిచ్చిందో పాలకుడు రాత్రివేళ వెళ్ళి తెలుసుకున్నాడు, తన పొరపాటును దిద్దుకున్నాడు. నేడు స్త్రీ పక్షపాతులమని చెప్పుకునే నాయకులను ఈ కొలమానంతోనే పరిశీలించాలని మేము భావిస్తున్నాము.

మూసాపేట బస్తీల నుంచి ఎందరో స్త్రీలు తెల్లవారకముందే మాదాపూర్, హైటెక్ సిటీ అపార్టుమెంట్లలో ఇంటిపనులకు బయలుదేరుతారు. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం వారికి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేకుండా చేసింది. ఇది నిజమైన మేలు. దానిని కాదనడం న్యాయం కాదు. ఆ రోజునే ఆరోగ్యశ్రీ పరిమితి కూడా 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. కాని ఎన్నికల హామీగా చెప్పిన నెలకు 2,500 రూపాయలు వాటితో పాటు మొదలు కాలేదు.

ఆరోగ్యం సంగతి చూద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. కాన్పులలో 60.7 శాతం సిజేరియన్లే. రక్తహీనతకు ఐదేళ్ళకొకసారి వచ్చే శస్త్రచికిత్స బీమా కన్నా ప్రతిరోజూ పళ్ళెంలోకి వచ్చే ఆకుకూర, గుడ్డు, ఐరన్ మాత్ర, సకాలంలో రక్తపరీక్ష ముఖ్యం. 2018లో ప్రారంభమైన బస్తీ దవాఖానాలలో వైద్యం ఉచితమే. అయితే అవి పగటి వేళ పనిచేస్తాయి. మన స్త్రీలు సరిగ్గా ఆ వేళలోనే పరుల ఇళ్ళలో పనిచేస్తుంటారు. 2023 మార్చి 8న ఆరంభమైన ‘ఆరోగ్య మహిళ’ సేవలకు మంగళవారం కేటాయించారు. రోజుకూలీ పోగొట్టుకుని మంగళవారం వైద్యురాలి దగ్గర కూర్చోగలిగే స్త్రీ ఎంతమంది? బస్సు ఉచితమైనా, ఆమె ఆ బస్సెక్కి పనికే వెళ్తుంది.

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ఆసుపత్రిలో ఒకే శిబిరంలో 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. వారిలో నలుగురు తల్లులు మరణించారు. సంఖ్యలు పూర్తిచేయాలన్న ఆరాటంలో మనిషి మరుగున పడితే ఎంతటి విషాదం జరుగుతుందో మనం మరువరాదు.

2023 సెప్టెంబరులో పార్లమెంటు చట్టసభలలో స్త్రీలకు మూడవ వంతు స్థానాలు కేటాయిస్తూ చట్టం చేసింది. కాని జనగణన, నియోజకవర్గాల పునర్విభజన జరిగిన తరువాతే అది అమలవుతుందని అందులోనే రాశారు. మరోవైపు, 2014 జూన్ నుంచి 2019 సెప్టెంబరు వరకు తెలంగాణ మంత్రివర్గంలో ఒక్క స్త్రీ కూడా లేదు. అయినా ఆ కాలంలోనే, 2017లో, ప్రభుత్వాసుపత్రిలో కాన్పయిన తల్లికి 12,000 రూపాయలు, ఆడపిల్ల పుడితే 13,000 రూపాయలు, బిడ్డకు కావలసిన వస్తువులతో కిట్ ఇచ్చే పథకం వచ్చింది. కాబట్టి నినాదాన్ని బట్టి గాని, కుర్చీని బట్టి గాని మంచిచెడ్డలు నిర్ణయించలేము. ఇంటి వాకిలికి చేరినదేమిటన్నదే ప్రశ్న.

ఓటు అడగడానికి మన గల్లీకి వచ్చేవారిని మూడు మాటలు అడుగుదాం: సాయంత్రం పూట దవాఖానాలో వైద్యురాలు ఉంటారా? రక్తపరీక్ష ఫలితం ఎన్ని రోజుల్లో ఇస్తారు? బాలింతకు రావలసిన డబ్బు కాన్పయిన నెలలోనే అందుతుందా?

అయితే నాయకులను నిలదీసే మనం మన ఇళ్ళను కూడా చూసుకోవాలి. ఇస్లాం స్త్రీకి ఇచ్చిన హక్కుల గురించి మేము వేదికల మీద గంటల తరబడి ప్రసంగిస్తాము. ఇంటికి వెళ్ళాక అందరూ తిన్న తరువాత మిగిలినదే తల్లి, భార్య తింటారు. ఆ 57.6 శాతంలో మన ఇంటి ఆడవారూ ఉన్నారన్నది మనకు తట్టదు. మహాప్రవక్త (సఅసం) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. హజ్రత్ రుఫైదా (రజి) గాయపడిన వారికి సేవ చేసిన గుడారం మస్జిదె నబవీ ఆవరణలోనే వెలిసింది. మన మస్జిదు కమిటీలు నెలకొక సాయంత్రం ఒక వైద్యురాలిని పిలిచి బస్తీ స్త్రీలందరికీ, మతభేదం లేకుండా, రక్తపరీక్ష చేయించలేవా?

ప్రతి ఒక్కరూ తమ సంరక్షణలో ఉన్నవారి గురించి అల్లాహ్ ఎదుట జవాబు చెప్పుకోవలసినవారే. మంత్రికి రాష్ట్రం గురించి ప్రశ్న ఎదురవుతుంది. మనకు మన వంటింట్లో చివరగా భోంచేసే మనిషి గురించి ఎదురవుతుంది.