ఈతకొలను శుభ్రపరిచేటప్పుడు చూషణం తగ్గడం: కారణాలు, సరిచేసే విధానం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• చూషణం ఎలా ఏర్పడుతుందో వివరించగలుగుతారు.
• పీడనమాపకం ఆధారంగా లోపం ఎక్కడ ఉందో గుర్తించగలుగుతారు.
• లోపాన్ని సురక్షితంగా, వరుసక్రమంలో సరిచేయగలుగుతారు.

1. పరిచయం

ఈతకొలను అడుగున చేరిన మట్టిని తీయడానికి వాక్యూమ్ హెడ్‌ను పొడవైన కర్రకు బిగించి, దాని గొట్టాన్ని స్కిమ్మర్‌కు కలుపుతారు. పంపు నడుస్తున్నా మట్టి కదలకపోతే పంపు పాడైందని చాలామంది అనుకుంటారు. కాని లోపం తరచుగా పంపులో కాక, నీరు ప్రయాణించే దారిలో ఉంటుంది. దీన్ని వాయిదా వేయకూడదు. అడుగు స్పష్టంగా కనిపించని కొలనులో మునిగిపోతున్న మనిషిని గట్టుమీద ఉన్నవారు గుర్తించడం కష్టం.

2. చూషణం ఎలా ఏర్పడుతుంది?

పంపులోని ఇంపెల్లర్ వేగంగా తిరిగి నీటిని అంచులవైపు విసురుతుంది. అందువల్ల దాని మధ్యభాగంలో పీడనం తగ్గుతుంది. కొలను ఉపరితలంపై పనిచేసే వాతావరణ పీడనం (సముద్రమట్టం వద్ద సుమారు 101 కిలోపాస్కల్‌లు) నీటిని ఆ తక్కువ పీడనంవైపు నెడుతుంది. దీన్నే మనం చూషణం అంటున్నాం.

కొబ్బరిబోండాం నీళ్లు స్ట్రాతో తాగడాన్ని ఉదాహరణగా తీసుకుందాం. స్ట్రాకు చిల్లుంటే గాలి వస్తుంది. లేతకొబ్బరి అడ్డుపడితే నీళ్లు రావు. నోరు నిండి మింగలేకపోతే ఇక పీల్చలేం. కొలనులో కూడా లోపాలు ఈ మూడు రకాలే: గాలి చొరబడటం, పంపుకు ముందు అడ్డంకి, పంపు తరువాత అడ్డంకి.

3. లోపాన్ని గుర్తించడం

ఫిల్టర్ శుభ్రంగా ఉన్నప్పుడు దానిపై ఉన్న మాపకం చూపే పీడనాన్ని రాసిపెట్టుకోవాలి. తరువాతి కొలతలను దానితో పోల్చాలి.

అ) పీడనం 8 నుంచి 10 పి.ఎస్.ఐ. పెరిగితే, ఫిల్టర్ మురికితో నిండిందని అర్థం. ఇసుక ఫిల్టర్‌కు బ్యాక్‌వాష్ చేయాలి; కార్ట్రిడ్జ్ అయితే బయటకు తీసి కడగాలి.

ఆ) పీడనం తగ్గి, పంపు మూతలో బుడగలు కనిపిస్తే గాలి చొరబడుతోంది. నీటిమట్టం స్కిమ్మర్ నోటికి సగం ఎత్తులో ఉందో లేదో మొదట చూడాలి. తరువాత మూత కింది రబ్బరు రింగు, గొట్టం అతుకులు, పగుళ్లు పరీక్షించాలి.

ఇ) పీడనం తగ్గినా బుడగలు లేకపోతే పంపుకు ముందుగాని, ఇంపెల్లర్‌లోగాని అడ్డంకి ఉంది. స్కిమ్మర్ బుట్ట, పంపు బుట్ట, గొట్టం, చివరగా ఇంపెల్లర్ ఈ వరుసలో చూడాలి. గొట్టాన్ని విడదీసి చూస్తే పీడనం మామూలు స్థితికి వస్తే లోపం గొట్టంలోనో, వాక్యూమ్ హెడ్‌లోనో ఉన్నట్లే.

పీడనం మామూలుగానే ఉండి హెడ్ వద్ద మాత్రమే చూషణం తక్కువగా ఉంటే వాల్వులు చూడాలి. అడుగు డ్రెయిన్ వాల్వు పూర్తిగా తెరిచి ఉంటే చూషణం రెండు దారుల్లో పంచుకుపోతుంది.

4. గొట్టాన్ని నీటితో నింపడం

గొట్టంలో గాలి మిగిలి ఉంటే అది పంపులోకి చేరి చూషణం తెగిపోతుంది. హెడ్‌ను నీటిలో దించి, గొట్టం రెండో చివరను నీరు తిరిగివచ్చే రంధ్రం ముందు ఉంచాలి. హెడ్ నుంచి బుడగలు రావడం ఆగాక, ఆ చివరను నీటి పైకి తీయకుండా స్కిమ్మర్‌కు కలపాలి.

5. జాగ్రత్తలు

• పంపు మూత తెరిచే ముందు, ఫిల్టర్ వాల్వు పిడి తిప్పే ముందు విద్యుత్తు ఆపాలి.
• చూషణ రంధ్రానికి చేతిని అడ్డుపెట్టి పరీక్షించకూడదు. చేయి అతుక్కుపోయే ప్రమాదం ఉంది.
• శుభ్రపరిచేటప్పుడు కొలనులోకి ఎవరినీ దిగనివ్వకూడదు.
• నీరు లేకుండా పంపు నడపకూడదు. సీలు వేడెక్కి పాడవుతుంది.

6. సారాంశం

పీడనం పెరిగితే పంపు తరువాత, తగ్గితే పంపుకు ముందు లేదా పంపులో వెతకాలి. బుడగలుంటే గాలి, లేకుంటే అడ్డంకి. విడిభాగాలు మార్చడానికి ముందు ఈ పరీక్షలు పూర్తిచేయాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. శుభ్రమైన ఫిల్టర్ పీడనం 12 పి.ఎస్.ఐ. ఉండే కొలనులో మాపకం ఇప్పుడు 22 చూపుతోంది. ఏం చేస్తారు?
2. అదే కొలనులో మాపకం 6 చూపుతూ, మూతలో బుడగలు కనిపిస్తే మొదట ఏం పరీక్షిస్తారు? ఎందుకు?