ఇల్లు వెతికే ముందు పొరుగును వెతకాలి

థాయి భాషలో 'మూబాన్' అంటే గ్రామం. వరిపొలాల నడుమ, కాలువ గట్టున వెలసిన పల్లెకూ అదే పేరు. ఎత్తైన ప్రహరీ, ఇనుప గేటు, వాచ్‌మన్ గది, ఒకే తీరున వరుసగా కట్టిన ఇండ్లు గల నేటి గేటెడ్ కాలనీకీ అదే పేరు. ఉద్యోగరీత్యా బ్యాంకాక్‌లో ఉండవలసి వచ్చిన మా కుటుంబం తొలి సంవత్సరాలు అపార్ట్‌మెంటులో గడిపింది. పిల్లలు ఎదిగారు. వారి దాదీమా మా వద్దకు వచ్చి చేరారు. వృద్ధాప్యంలో ఆమెకు లిఫ్టు కన్నా వాకిలి అవసరమనిపించింది. అలా ఒక మూబాన్‌లో ఇల్లు చూసుకోవాలని సంకల్పించాము.

విశాలమైన ఇల్లు, సజ్జనుడైన పొరుగువాడు మనిషి సౌభాగ్యంలోనివని దైవప్రవక్త (స) బోధించారు. ఆ రెండింటిలో మొదటిదాన్ని గజాలలో కొలవవచ్చు, రెండవదాన్ని కొలిచే సాధనం లేదు. మేము కూడా మొదట కొలవగలిగిన దాని వెంటే పడ్డాము.

అసలు కొనడమా, అద్దెకు తీసుకోవడమా అన్నది తేల్చుకోవలసిన తొలి విషయం. 1954 నాటి భూమి చట్టం ప్రకారం, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, విదేశీయులు థాయిలాండ్‌లో భూమికి యజమానులు కాలేరు. అపార్ట్‌మెంటు భవనాల్లోనైతే మొత్తం విస్తీర్ణంలో 49 శాతం వరకు విదేశీయుల పేర ఉండవచ్చు. నేల మీది ఇంటికి ఆ వెసులుబాటు లేదు. భూమిని లీజుకు తీసుకోవచ్చు గాని, గరిష్ఠ కాలం 30 సంవత్సరాలు. మూడేళ్లకు మించిన లీజును భూమి కార్యాలయంలో రిజిస్టరు చేయించి తీరాలి. గడువు తీరాక మళ్లీ 30 ఏళ్లు ఇస్తామని అమ్మకందారులు చెప్పే మాట నేటి వాగ్దానమే తప్ప రేపటి హక్కు కాదు.

ఒక మధ్యవర్తి మాకు దగ్గరి దారి చూపించాడు. ఒక కంపెనీ పెట్టాలి, అందులో స్థానికులను పేరుకు మాత్రం వాటాదారులుగా చూపాలి, భూమిని కంపెనీ పేర కొనాలి. "అందరూ చేస్తున్నదే" అన్నాడు. అది ఆ దేశ చట్టానికి విరుద్ధం. అంతకు మించి, సొమ్ము పెట్టని వారిని పెట్టినట్టుగా చూపే అబద్ధపు పత్రం మీద సంతకం చేయడం. ఆ రాత్రి ఇంట్లో చర్చ జరిగింది. నిజం చెప్పాలంటే మనసు ఊగిసలాడింది. సొంత ఇల్లు అనే మాటకు అంత బలముంటుంది. పిల్లల దాదీమా తస్బీహ్ పక్కన పెట్టి, "అబద్ధం పునాది మీద కట్టిన ఇంట్లో నన్ను నమాజు చేయమంటారా?" అన్నారు. చర్చ అక్కడితో ముగిసింది. అద్దె ఇల్లే చూసుకోవాలని నిశ్చయించాము.

మేము చూసిన మొదటి ఇల్లు నగరానికి ఉత్తరాన, రంగ్‌సిత్ ప్రాంతంలో ఉంది. విడిగా కట్టిన పెద్ద ఇల్లు, ముందు పచ్చిక, వెనుక మామిడి చెట్టు. అద్దె కూడా అందుబాటులోనే ఉంది. సంతృప్తితో బయటికి వచ్చి, గేటు అవతల కొబ్బరి బోండాలు అమ్మే వృద్ధుణ్ణి వర్షాకాలపు సంగతి అడిగాము. అతడు మాట్లాడకుండా గోడ వద్దకు నడిచి, తన నడుము ఎత్తున చేయి ఆనించి చూపాడు. 2011 నాటి మహావరద గుర్తు అది. ఆ ఏడాది ఉత్తరం నుంచి దిగివచ్చిన నీరు పథుమ్‌థానీ, నోన్థబురి ప్రాంతాల్లోని ఎన్నో కాలనీలను వారాల తరబడి ముంచివేసింది. డాన్ ముయాంగ్ విమానాశ్రయమే మూతపడింది. ఎంత ఎత్తైన ప్రహరీ అయినా దొంగను ఆపగలదేమోగాని నీటిని ఆపలేదు. ఇంటి నేల రోడ్డు కన్నా ఎంత ఎత్తులో ఉంది, వాననీరు ఏ కాలువలోకి పోతుంది అనే ప్రశ్నలు అమ్మేవారిని గాక, గేటు బయట చాలా కాలంగా ఉంటున్నవారిని అడగాలని ఆనాడు నేర్చుకున్నాము.

రెండవది వైభవమైన కాలనీ. ఈతకొలను, వ్యాయామశాల, రెండు గేట్లు. వాచ్‌మన్ మా గుర్తింపు కార్డు తీసుకుని బదులుగా ఒక చీటీ ఇచ్చాడు. ఇందులో తప్పుపట్టవలసింది లేదు. ఇతరుల ఇంట అనుమతి లేనిదే అడుగుపెట్టరాదని మనకు నేర్పినదీ ఖుర్ఆనే. కాని లోపల గంటసేపు తిరిగినా ఒక్క మనిషి ఎదురుపడలేదు. కార్లు వస్తాయి, గేట్లు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. పక్కింట్లో ఎవరుంటారని అడిగితే చూపిస్తున్న అమ్మాయి నవ్వి, "ఇక్కడ ఎవరూ ఎవరినీ ఇబ్బంది పెట్టరు" అంది. ఆమె దాన్ని సుగుణంగానే చెప్పింది. అర్ధరాత్రి వృద్ధురాలికి ఆయాసం వస్తే ఎవరి తలుపు తట్టాలి అన్న ప్రశ్న మాకు అక్కడే పుట్టింది. పైగా అతి సమీపపు మస్జిద్‌కు కారులో ముప్పావు గంట. జుమా నమాజు మాట సరే, పిల్లలు అజాన్ వినకుండానే పెరగవలసి వచ్చేది.

అప్పుడు మా థాయి ముస్లిమ్ సహోద్యోగి ఒకరు మమ్మల్ని తూర్పు దిక్కుకు, మిన్‌బురి వైపు తీసుకువెళ్లారు. నగరం మధ్య నుంచి తూర్పుకు సాగే సేన్‌సేప్ కాలువను మూడవ రామ రాజు కాలంలో, 1837లో తవ్వడం మొదలుపెట్టారు. ఆ కాలువ వెంట దక్షిణాది నుంచి వచ్చిన మలయ్ ముస్లిములు పొలాలు చేసుకుని స్థిరపడ్డారు. అందువల్లనే నేటికీ మిన్‌బురి, నోంగ్‌చోక్ ప్రాంతాల్లో కాలువ గట్టున మస్జిద్‌ల గుమ్మటాలు కనిపిస్తాయి, సంతలో హలాల్ మాంసం సులువుగా దొరుకుతుంది.

అక్కడి మూబాన్ చిన్నది. ఇల్లు కూడా చిన్నదే. ఒక గోడ పక్కింటితో కలిసి ఉండే జంట ఇల్లు. థాయిలాండ్‌లో స్థలాన్ని 'వా'లలో కొలుస్తారు. ఒక చదరపు వా నాలుగు చదరపు మీటర్లు, మన లెక్కన దాదాపు 4.8 గజాలు. అనుమతి పొందిన కాలనీలో విడి ఇంటికి కనీసం 50 వాలు, జంట ఇంటికి 35 వాలు, వరుస ఇంటికి 16 వాలు ఉండాలని నియమం. మేము చూసినది 35 వాలకు కొంచెం మించి ఉంది. అంటే మన 170 గజాల పైచిలుకు. ఖిబ్లా అక్కడ కూడా మనకు వలెనే పడమరకు, కాస్త ఉత్తరానికి వాలి ఉంటుంది. ముందు గదిలో ఆ దిక్కున కిటికీ లేని గోడ ఉండడం దాదీమాకు నచ్చింది.

కొనే ఉద్దేశం ఉన్నవారు ఏమేమి చూసుకోవాలో ఆ సహోద్యోగి తన అనుభవంతో వివరించారు. మొదటిది పట్టా. 'చనోత్' అనే ఎర్ర గరుడ ముద్ర గల పత్రమే పూర్తి హక్కునిస్తుంది. దాన్ని భూమి కార్యాలయంలో సరిచూడాలి. రెండవది కాలనీ అనుమతి. పది లేక అంతకు మించిన ప్లాట్లుగా స్థలాన్ని విభజించి అమ్మేవారు 2000 నాటి చట్టం కింద లైసెన్సు పొందాలి. రోడ్లు, మురుగు కాలువలు, ఉద్యానం ఉమ్మడి ఆస్తిగా ఉంచాలి. మూడవది నిర్వహణ రుసుము. స్థలం వాల లెక్కన వసూలు చేసే ఈ సొమ్మును మూడు నెలలు చెల్లించకపోతే ఉమ్మడి సౌకర్యాలు నిలిపివేయవచ్చు. ఆరు నెలలు దాటితే ఆ ఇంటి రిజిస్ట్రేషన్లే ఆగిపోవచ్చు. కాబట్టి నివాసుల సంఘం ఏర్పడిందా, దాని లెక్కలు ఎవరు చూస్తున్నారు అని అడగడం అవసరం. నాలుగవది డబ్బు. వడ్డీ రుణం తీసుకోకూడదనుకున్న ఆయన, 2002 నాటి ప్రత్యేక చట్టంతో ఏర్పడిన ఇస్లామిక్ బ్యాంక్ ఆఫ్ థాయిలాండ్ ద్వారా ఇల్లు సమకూర్చుకున్నారట. "ఆలస్యమైంది, ఇల్లు కూడా అనుకున్నదాని కన్నా చిన్నదైంది, నిద్ర మాత్రం బాగా పడుతోంది" అన్నారు.

మేము చూసిన ఇంటి ఆవరణలో ఒక మూల స్థల దేవతకు కట్టిన చిన్న మందిరం ఉంది. థాయి గృహాల్లో అది సర్వసాధారణం. యజమానురాలు బౌద్ధురాలు. అది మాకు సమ్మతం కాదు. ఆమె విశ్వాసాన్ని చిన్నబుచ్చడం అంతకన్నా సమ్మతం కాదు. మేము వినయంగా మా నమాజు పద్ధతిని వివరించాము. ఆమె కొంతసేపు ఆలోచించి, తమ ఆచారం ప్రకారం పూజ చేయించి ఆ మందిరాన్ని తన సోదరి ఇంటికి తరలించారు. ఆ ఖర్చు మేము భరిస్తామన్నా ఒప్పుకోలేదు. ఇల్లు కుదిరిందని మాకు ఆ రోజే అర్థమైంది.

చేరిన మొదటి వారంలో గోడకు అవతలి నుంచి ఒక పెద్దావిడ 'ఖావ్ మోక్' పళ్లెం పంపారు. పసుపు రంగు అన్నం, కోడి మాంసం, వేయించిన ఉల్లి. మన బిర్యానీకి దగ్గరి చుట్టం. పళ్లెం ఖాళీగా తిప్పి పంపరాదని దాదీమా అందులో పాయసం పోసి పంపారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఫజ్ర్ తర్వాత వాకిట్లో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం నిత్యకృత్యమైంది. రెండవ వర్షాకాలంలో ఒక రాత్రి దాదీమాకు నిజంగానే ఆయాసం వచ్చింది. మేము కారు తాళాలు వెతుకుతుండగానే ఆ పెద్దావిడ కుమారుడు బండి సిద్ధం చేసి వాకిట నిలిచాడు. కలిసి ఉన్న ఆ ఒక్క గోడలోంచి దగ్గు వినబడిందట. అల్హమ్దులిల్లాహ్, ఆమె కోలుకున్నారు. ఏ గోడనైతే మేము ఇంటి లోపంగా లెక్కించామో, ఆ గోడే ఆ రాత్రి మాకు మేలు చేసింది.

సెలవులకు హైదరాబాదు వచ్చినప్పుడు ఇక్కడ కూడా గేటెడ్ కాలనీల ప్రకటనలు చూస్తుంటాము. బంధువులు మా సలహా అడుగుతుంటారు. భద్రత కోరుకోవడం తప్పు కాదు, విశాలమైన ఇల్లు కోరుకోవడమూ తప్పు కాదు. అయితే కొలతలు అడిగిన నోటితోనే పక్కింటివారి సంగతి కూడా అడగండని చెబుతాము. పత్రాలు నిజమైనవేనా, సొమ్ము హలాల్ సొమ్మేనా, అజాన్ వినిపిస్తుందా, ఆపదలో తట్టడానికి ఒక తలుపు ఉందా అని చూడండి. ఆపైన మన తలుపు కూడా ఇతరులు తట్టదగినదిగా ఉందా అని మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. మన ఇండ్లను ప్రశాంతికి నిలయాలుగా, మనల్ని మంచి పొరుగువారుగా అల్లాహ్ తీర్చిదిద్దుగాక! ఆమీన్.